వ్యాసరచన వివాదం (1911–1914): భాషా పక్షాల చాటున మిగిలిపోయిన బోధనా ప్రశ్న

1. ఉపోద్ఘాతం

1911–1914 మధ్యకాలంలో మద్రాసు రాష్ట్రంలో తెలుగు గురించి జరిగిన వాదోపవాదాలను సాహిత్య చరిత్రకారులు గ్రాంథిక వ్యావహారిక భాషా వివాదమని వ్యవహరిస్తారు. ఈ పేరు వివాదం ముగిసిన తీరును బట్టి స్థిరపడింది. దాని ఆరంభంలో ఉన్నది మాత్రం ఒక పరీక్షాంశం. పాఠశాల చివరి తరగతి విద్యార్థి, కళాశాల విద్యార్థి తెలుగులో సొంతంగా వ్యాసం రాయవలసి వచ్చినప్పుడు ఏ భాషలో రాయాలి, ఆ రాతను ఏ ప్రమాణంతో దిద్దాలి అన్నది నాడు అధికారుల ముందుకు, విశ్వవిద్యాలయం ముందుకు వచ్చిన ప్రశ్న. గురజాడ అప్పారావు 1914లో సమర్పించిన అసమ్మతి పత్రం తెలుగు కాంపొజిషన్ ఉపసంఘం నివేదిక మీద రాసినదన్న సంగతి అందరికీ తెలుసు. అందులోని 'కాంపొజిషన్' అన్న మాటను మాత్రం మన విమర్శ పెద్దగా పట్టించుకోలేదు.

భాషారూపానికి సంబంధించిన ప్రశ్నకు ఆ వివాదం కాలక్రమంలో జవాబు చెప్పింది. రచనా బోధనకు సంబంధించిన ప్రశ్న జవాబు లేకుండానే మిగిలింది. మొదటిదానికి దొరికిన జవాబే రెండోదానికీ సరిపోతుందనుకోవడం వల్ల తెలుగు శాఖల్లో రాయడం నేర్పే పని ఒక శాస్త్రంగా ఎదగలేదు. దీనిని నాటి పత్రాల స్వభావం ద్వారా, వాటిని భద్రపరచిన తీరు ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అనుకరణ ద్వారా రచన: నీతిచంద్రిక వారసత్వం

పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడింది. మిత్రలాభం, మిత్రభేదం అన్న రెండు భాగాలకే పరిమితమైన ఈ గ్రంథాన్ని తర్వాత కందుకూరి వీరేశలింగం, కొక్కొండ వేంకటరత్నం పంతులు తమ తమ రీతుల్లో కొనసాగించారు. ఒక గద్యగ్రంథం తరువాతి రచయితలను ఇలా పూరణకు పురికొల్పడం ఆ శైలి ప్రాబల్యానికి నిదర్శనం. సూరి బాలవ్యాకరణంతో కలిసి నీతిచంద్రిక తరగతి గదిలో ఒక జంటగా నిలిచింది: ఒకటి లక్ష్యం, రెండోది లక్షణం. విద్యార్థి లక్షణాన్ని కంఠస్థం చేసి, లక్ష్యాన్ని అనుకరించి, ఆ నమూనాలో వాక్యం కూర్చితే రచన వచ్చినట్లే.

అనుకరణ నిష్ప్రయోజనమైన పద్ధతి కాదు. ఏ భాషలోనైనా రచనాభ్యాసం అనుకరణతోనే మొదలవుతుంది. ఇక్కడి చిక్కు అనుకరించే నమూనాలో ఉంది. నీతిచంద్రిక కథాకథనం. దాని సౌందర్యం సమాసబంధంలో, సుదీర్ఘ వాక్యపు నడకలో, నీతిని కథలో పొదిగిన తీరులో ఉంది. ఒక విషయాన్ని ప్రతిపాదించి, సాక్ష్యం చూపి, ఎదుటి వాదాన్ని పరిశీలించి, నిర్ణయానికి రావడం దాని పని కాదు. వ్యాసం అడిగేది సరిగ్గా ఆ పనినే.

తెలుగు గద్యంలో ఆ పని అంతకు ముందు జరగలేదా అంటే, జరిగింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన యాత్రను వర్ణిస్తూ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాసిన లేఖలు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. చూసినదాన్ని నమోదు చేయడం, పోల్చడం, కారణం వెతకడం ఆ గద్యంలో కనిపిస్తాయి. సామినేని ముద్దునరసింహం నాయుడు హితసూచని 1862లో వెలువడింది; ప్రమేయాలుగా విభజించిన ఆ రచన సామాజిక విషయాలను తర్కించింది. కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో కరణాల గద్యం విస్తారంగా ఉంది. వెల్చేరు నారాయణరావు అచ్చుకూ వచనానికీ గల సంబంధం మీద 2004లో ప్రచురించిన ఆంగ్ల వ్యాసంలో కరణాల గద్యానికీ పండితుల గద్యానికీ మధ్య గల భేదాన్ని చర్చించి, కుంపిణీ విద్యావ్యవస్థలో పండితుల పక్షం బలపడిన తీరును వివరించారు. ఆ వివేచనకు ఇక్కడ ఒక అంశం చేర్చవలసి ఉంది. పండిత గద్యం గెలిచినప్పుడు ఒక భాషాశైలితో పాటు ఒక బోధనా పద్ధతి కూడా గెలిచింది. కరణం గద్యం వృత్తిలో భాగంగా, పెద్దవాడి పక్కన కూర్చుని రాస్తూ నేర్చుకునేది. పండిత గద్యం సూత్రం ద్వారా నేర్చుకునేది. పాఠశాల రెండోదాన్ని తీసుకుంది.

3. దిద్దుబాటు ఎక్కడ పడుతుంది

పద్ధతి ప్రభావం దిద్దుబాటులో తెలుస్తుంది. బాలవ్యాకరణం అభ్యసించినవారికి 'పూచెఁగలువలు' అన్న ఉదాహరణ పరిచితం. ద్రుతం మీది పరుషం సరళమవుతుంది. 'వాడు పోయె' అన్నది గసడదవాదేశంతో 'వాడువోయె' అవుతుంది. వీటికి తోడు అరసున్న, శకటరేఫం ఎక్కడ ఉండాలో గుర్తుంచుకోవాలి. ఇవన్నీ నిత్య వ్యవహారంలో లేని నియమాలు. ఒక విద్యార్థి 'మా ఊరి చెరువు ఎండిపోవడం నేను చూశాను' అని వ్యాసం మొదలుపెట్టాడనుకుందాం. గ్రాంథిక ప్రమాణం పాటించే ఉపాధ్యాయుడు దాన్ని 'ఎండిపోవుట నేను చూచితిని' అని దిద్దుతాడు. అతని ధర్మం అంతటితో తీరుతుంది. చెరువు ఎందుకు ఎండింది, ఎండడం వల్ల ఎవరికేమైంది, తర్వాతి వాక్యం ఈ వాక్యాన్ని ఎలా అందుకోవాలి అన్న ప్రశ్నలు విద్యార్థి ముందుకు రావు.

గిడుగు రామమూర్తి ఈ స్థితిని మరోవైపు నుంచి ఎత్తిచూపారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనల్లోనే ఆ నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలను ఏరి ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజంలో ప్రదర్శించారు. ఆ గ్రంథాన్ని చాలామంది ఖండన గ్రంథంగానే చదివారు. బోధన దృష్టితో చదివితే అది మరొక సత్యం చెబుతుంది. జీవితమంతా ఆ భాషకు అంకితం చేసిన పండితులే తప్పకుండా రాయలేని ప్రమాణాన్ని పదహారేళ్ల విద్యార్థి మీద మోపడం విద్యా సూత్రాలకు నిలవదు. గిడుగు సవర భాషను నేర్చి, సవరలకు చదువు చెప్పే పనిలో అనుభవం గడించిన ఉపాధ్యాయుడు. విద్యార్థి నోటి భాష నుంచి పాఠం మొదలుకావాలన్న ఆయన నిశ్చయానికి ఆ అనుభవం ఆధారంగా నిలిచింది. ఉత్తర సర్కారు జిల్లాల్లో పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న జె. ఎ. యేట్స్ పుస్తకభాషకూ మాటలాడే భాషకూ ఉన్న దూరాన్ని ప్రశ్నించినప్పుడు, ఆ ప్రశ్నను గిడుగు తన ఉపాధ్యాయ జీవితానుభవంతోనే అందుకున్నారు.

4. ఆంగ్లంలో నడిచిన తెలుగు వాదం

ఈ వివాదంలోని ముఖ్య పత్రాలు మూడు. గిడుగు రామమూర్తి ఆధునికాంధ్రం మీద 1913లో ప్రకటించిన 'మెమొరాండమ్' మొదటిది. అదే సంవత్సరం జయంతి రామయ్య పంతులు కావ్యభాషను సమర్థిస్తూ ప్రకటించిన 'డిఫెన్స్' రెండోది. 1914లో గురజాడ రాసిన అసమ్మతి పత్రం మూడోది. మూడూ ఆంగ్లంలో ఉన్నాయి. తెలుగు విద్యార్థి తెలుగులో ఎలా రాయాలన్న చర్చ రెండు పక్షాల వారికీ మాతృభాష కాని భాషలో జరిగింది.

పాలకుల భాష ఆంగ్లం, విశ్వవిద్యాలయ వ్యవహారం ఆంగ్లంలో నడిచేది కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదని సరిపెట్టుకోవచ్చు. ఆ కారణం నిజమే గాని సంపూర్ణం కాదు. ఆ పత్రాల నిర్మాణాన్ని పరిశీలిస్తే, పూర్వపక్షాన్ని విడదీసి చెప్పడం, చారిత్రక సాక్ష్యాలను వరుసగా పేర్చడం, ఇతర భాషల చరిత్రతో పోల్చడం, చివరకు ఆచరణయోగ్యమైన సూచన చేయడం అన్న క్రమం కనిపిస్తుంది. ఇది అధికార సంఘాలకు సమర్పించే ఆంగ్ల పత్రరచనా సంప్రదాయంలో రూపొందిన వాదరీతి. గురజాడ, గిడుగు, జయంతి ముగ్గురూ దాన్ని ఆంగ్ల విద్య ద్వారా అభ్యసించారు. తెలుగు తరగతిలో దానికి సమానమైన అభ్యాసం లేదు. మన అలంకార శాస్త్రం రస, ధ్వని, గుణ, దోషాలను సూక్ష్మంగా విచారించింది గాని దాని విచారణకు కేంద్రం కావ్యం. న్యాయ, మీమాంస శాస్త్రాలు వాదక్రమాన్ని నేర్పాయి గాని అవి సంస్కృత విద్యగా ఉండిపోయాయి. తెలుగు వ్యాసానికి ఈ రెండింటి నుంచీ సహజంగా అందవలసిన వారసత్వం పాఠశాలలో అందలేదు.

కాబట్టి ఆ మూడు పత్రాలు తాము చర్చించిన లోపానికి తామే సాక్ష్యాలు. తెలుగులో వాదగద్యం రాయడం నేర్పే వ్యవస్థ ఉంటే ఆ వాదానికి కనీసం ఒక సమాంతర తెలుగు రూపం అప్పుడే వెలువడి ఉండేది. గిడుగు తర్వాత ఈ లోటును గుర్తించినట్లే నడిచారు. 1919లో 'తెలుగు' పత్రికను ప్రారంభించి తన వాదాన్ని తెలుగులో, తాను సమర్థించిన భాషలోనే కొనసాగించారు. 1925లో తణుకు సభలో గంటల తరబడి చేసిన ప్రసంగం ఆ కృషికి పరాకాష్ఠ. వ్యావహారికం వాదానికి పనికివస్తుందని రుజువు చేసింది ఆయన సిద్ధాంతం కంటే ఎక్కువగా ఆయన గద్యమే.

5. జయంతి పక్షం వేసిన ప్రశ్న

విజేతల చరిత్రలో ఓడిన పక్షపు ప్రశ్నలు కూడా ఓడిపోయినట్లు కనిపిస్తాయి. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపనకు పూనుకొన్న జయంతి రామయ్య పంతులు వాదంలో ప్రాచీనాభిమానం ఉన్నమాట వాస్తవం. దానితో పాటు ఒక బోధనా సంశయం కూడా ఉంది. మాటలాడే భాష జిల్లాకొక తీరుగా ఉన్నప్పుడు ఉమ్మడి ప్రమాణం లేకుండా ఉపాధ్యాయుడు దేని ప్రకారం దిద్దగలడు? ఈ సంశయం తోసిపుచ్చదగినది కాదు.

దీనికి వ్యావహారికవాదుల జవాబు శిష్ట వ్యవహారం. చదువుకున్నవారు పరస్పరం మాటలాడే భాష ప్రమాణమవుతుందని వారు భావించారు. నాటి పరిస్థితిలో ఇది ముందడుగు. అయితే శిష్టులెవరన్న ప్రశ్న వెంటనే తలెత్తుతుంది. కోస్తా జిల్లాల విద్యావంత కుటుంబాల భాష కాలక్రమంలో ఆ స్థానం పొందింది. ఆ కుటుంబాల్లో పుట్టని విద్యార్థికి అది కూడా నేర్చుకోవలసిన భాషే. అసమ్మతి పత్రం వెలువడిన 1914లోనే జన్మించిన కాళోజీ నారాయణరావు తర్వాతికాలంలో బడిభాషకూ పలుకుబడికీ మధ్య తారతమ్యాన్ని ఎత్తిచూపి ఈ ప్రశ్ననే తెలంగాణ వైపు నుంచి అడిగారు. ఈనాడు గిడుగు జయంతి ఆగస్టు 29న ఆంధ్రప్రదేశ్‌లోనూ, కాళోజీ జయంతి సెప్టెంబరు 9న తెలంగాణలోనూ భాషాదినోత్సవాలుగా జరుపుకొంటున్నాం. ఈ రెండు తేదీల మధ్య ఉన్నది విరోధమని భావించనక్కరలేదు. ఒకరు మొదలుపెట్టిన ప్రశ్నను మరొకరు మరింత కిందికి, మరింత విస్తారమైన జనం వద్దకు తీసుకుపోయారు.

పై ఉదాహరణను మళ్లీ చూడవచ్చు. ఒకనాడు 'చూశాను' అన్నదాన్ని కొట్టి 'చూచితిని' అని దిద్దిన ఎర్ర సిరా, ఈనాడు 'నేను చూసిన' అని రాసిన విద్యార్థి వాక్యాన్ని కొట్టి 'చూశాను' అని దిద్దుతుంది. ప్రమాణరూపం మారింది గాని దిద్దుబాటు పడే చోటు మారలేదు. చెరువు ఎందుకు ఎండిందన్న ప్రశ్న అప్పటిలాగే అడగకుండా మిగిలింది. ఉమ్మడి ప్రమాణం అవసరమని ఒప్పుకొన్నా, దానిని ఎప్పుడు ప్రవేశపెట్టాలి అన్నది బోధకుడు తేల్చవలసిన విషయం. ఆలోచన కాగితం మీదికి రాకముందే రూపాన్ని దిద్దితే విద్యార్థి రూపం గురించే జాగ్రత్తపడతాడు, చెప్పవలసినదాన్ని తగ్గించుకుంటాడు.

6. భద్రపరచిన పత్రాలు, భద్రపరచని తరగతి

ఈ చరిత్రను తరగతి గది వైపు నుంచి రాయడానికి ఆధారాలు స్వల్పం. అచ్చయిన పత్రాలు, సంఘాల నివేదికలు, ప్రముఖుల లేఖలు గ్రంథాలయాల్లో నిలిచాయి. విద్యార్థులు రాసిన వ్యాసాలు, వాటి మీద ఉపాధ్యాయులు పెట్టిన గుర్తులు నిలవలేదు. పక్షాలను నమోదు చేసిన సంచయం రచనాభ్యాసాన్ని నమోదు చేయలేదు. అందువల్ల మన పరిశోధన కూడా పక్షాల చరిత్రగానే సాగింది.

అయినా, చూసే దృష్టి మారితే ఉన్న ఆధారాలే కొత్త సంగతులు చెబుతాయి. కన్యాశుల్కం దీనికి ఉత్తమ నిదర్శనం. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన మొదటి కూర్పును గురజాడ సమూలంగా తిరగరాసి 1909లో రెండో కూర్పు ప్రకటించారు. రెండోది ప్రసిద్ధమై మొదటిది మరుగున పడింది. బంగోరెగా ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డి 1969లో 'మొట్టమొదటి కన్యాశుల్కం' ప్రచురించడంతో రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే వీలు కలిగింది. విశ్వవిద్యాలయ ఆచార్యపీఠం లేని పత్రికారచయిత చేసిన పని ఇది. సి. పి. బ్రౌన్‌కు సంబంధించిన లేఖలను వెలికితీసిన కృషి కూడా ఆయనదే. 1941లో కాశీయాత్ర చరిత్రను పరిష్కరించి ప్రచురించిన దిగవల్లి వేంకటశివరావు వృత్తిరీత్యా న్యాయవాది. ఆధారపత్రాన్ని వెతికి, సరిచూసి, పాఠకుల ముందుంచే విద్య మన శాఖల వెలుపల ఎంత పెరిగిందో ఈ ఇద్దరి కృషి చెబుతుంది.

రెండు కన్యాశుల్కాల తారతమ్యాన్ని విమర్శకులు పాత్రల దృష్టితో చర్చించారు. మధురవాణి పాత్ర విస్తరణ ఆ చర్చలో ప్రధానాంశం. రచనా బోధన దృష్టితో చూస్తే ఈ జంట తెలుగులో తిరగరాయడమనే విద్యకు లభించిన గొప్ప పాఠం. ఒక రచయిత తన అచ్చయిన, ప్రశంసలు పొందిన రచనను పన్నెండేళ్ల తర్వాత కూడా ముగిసినదిగా భావించలేదు. దేన్ని పెంచాడు, దేన్ని తొలగించాడు, ఒక సంభాషణను మరోచోటికి ఎందుకు జరిపాడు అని విద్యార్థులచేత ఒక రంగం వరకు పోల్పిస్తే, తిద్దుబాటు అంటే అక్షరదోషాల సవరణ కాదని వారికి బోధపడుతుంది. ఈ పాఠం మన చేతిలోకి వచ్చింది ఒక పరిశోధకుడు పాత ప్రతిని వెతకడం వల్లనే. సంచయ పరిశోధన, రచనా బోధన వేర్వేరు రంగాలు కావని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

7. చదివి జవాబు రాసే పెద్దలు

గురజాడ రచయితగా ఎదిగిన తీరులో మరొక అంశం ఉంది. విజయనగరంలో విద్యార్థిగా ఉన్న కాలంలో ఆయనకు ప్రధానోపాధ్యాయుడు చంద్రశేఖర శాస్త్రి ఆశ్రయం లభించింది. 1883లో ఆంగ్లంలో రాసిన 'సారంగధర' కావ్యాన్ని కలకత్తాలోని 'రీస్ అండ్ రయ్యత్' సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ తన పత్రికలో పునర్ముద్రించారు. మెచ్చుకొంటూనే, పరభాషలో కంటే మాతృభాషలో రాయడం మేలని సూచించారు. తెలుగు తెలియని బెంగాలీ సంపాదకుడు తెలుగు కవికి దారి చూపడం విశేషం. ఆ సూచన పొగడ్తగా వచ్చి ఉంటే అంతటితో పోయేది. అధికారంగా వచ్చి ఉంటే ఎదిరింపుకు గురయ్యేది. రచనను శ్రద్ధగా చదివిన పాఠకుడి మాటగా వచ్చింది కాబట్టి నిలిచింది. 2012లో 'గురుజాడలు' పేరుతో వెలువడిన సర్వలభ్య రచనల సంకలనం వంటి ప్రచురణల ద్వారా ఆయన లేఖలు, దినచర్యలు నేటి పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. వాటిని జీవితచరిత్రకు ఆధారాలుగా వాడుకున్నంతగా, ఒక రచయిత తన రాతకు ఎవరి దగ్గర ఎలాంటి జవాబు పొందాడన్న విషయానికి ఆధారాలుగా వాడుకోలేదు.

పర్యవేక్షణ అన్న మాట మన విశ్వవిద్యాలయ పరిభాషలో పరిపాలనా విధిగా కుదించుకుపోయింది. అంశం నమోదు, పురోగతి పత్రం, సమర్పణ అనుమతి దాని మైలురాళ్లు. ఒక అధ్యాయాన్ని మూడుసార్లు తిరగరాయించి, ప్రతిసారీ ఒక ప్రశ్నతో తిరిగి ఇవ్వడం ఏ నమూనా పత్రంలోనూ నమోదు కాదు. కుటుంబంలో మొదటిసారి విశ్వవిద్యాలయానికి వచ్చిన పరిశోధక విద్యార్థికి అత్యవసరమైనది అదే. పుస్తకాలున్న ఇంట్లో పెరిగినవాడు వాదక్రమాన్ని విని నేర్చుకుంటాడు. ఆ అవకాశం లేనివాడికి శాఖే ఆ ఇల్లు కావాలి. కానప్పుడు అతడు పూర్వ సిద్ధాంత గ్రంథాల అధ్యాయ విభజనను అనుకరిస్తాడు. కవి జీవితం, యుగ పరిస్థితులు, ఇతివృత్తం, పాత్రచిత్రణ, శైలి అన్న క్రమం తరాల తరబడి మారకుండా రావడానికి మూలం ఇక్కడ ఉంది. దీన్ని విద్యార్థి సోమరితనంగా చూడడం అన్యాయం. నీతిచంద్రికను అనుకరించమన్న పాఠశాల ఎలాంటి నమూనా ఇచ్చిందో, మనమూ అలాంటి నమూనానే ఇచ్చాం.

8. ముగింపు

వివాదకాలపు పత్రాలు, రెండు కన్యాశుల్కాలు, గురజాడ లేఖలు కలిపి చూస్తే మూడు కర్తవ్యాలు తేలుతాయి. స్నాతకోత్తర స్థాయిలో వ్యాసరచనను స్వతంత్ర పాఠ్యాంశంగా, తిరగరాతకు మార్కులిచ్చే పద్ధతిలో ప్రవేశపెట్టడం మొదటిది. భాషారూపాన్ని చివరి ప్రతిలో మాత్రమే దిద్ది, తొలి ప్రతుల్లో వాదాన్ని, సాక్ష్యాన్ని, క్రమాన్ని మాత్రమే ప్రశ్నించడం అందులో భాగం కావాలి. పరిశోధక విద్యార్థుల తొలిప్రతులను, వాటి మీది వ్యాఖ్యలను వారి అనుమతితో శాఖ గ్రంథాలయంలో భద్రపరచడం రెండోది. నూరేళ్ల తర్వాతి పరిశోధకుడికి తరగతి గది చరిత్ర రాసే ఆధారం అప్పుడే దొరుకుతుంది. పర్యవేక్షకుడి పనిని సమర్పించిన సిద్ధాంత గ్రంథాల సంఖ్యతో కాక, చదివి ఇచ్చిన జవాబులతో అంచనా వేయడం మూడోది.

వ్యావహారిక భాష విశ్వవిద్యాలయ గద్యంగా అంగీకారం పొందడానికి అసమ్మతి పత్రం తర్వాత అర్ధశతాబ్ది పైగా పట్టింది. ఆ విజయాన్ని తక్కువ చేయవలసిన పనిలేదు. తన నోటిభాషలో రాసుకునే హక్కు విద్యార్థికి అది సంపాదించి పెట్టింది. ఆ హక్కుతో అతడు 'మా ఊరి చెరువు ఎండిపోయింది' అని రాసినప్పుడు, 'ఎందుకు?' అని పక్కన రాసే ఉపాధ్యాయుడు కూడా అతనికి కావాలి. ఉపసంఘం ముందున్న అసలు ప్రశ్న అదే. అది ఇప్పటికీ మన శాఖల ముందే ఉంది.